అత్తగారి పేర కొన్న కంప్యూటరు

పరాయిదేశంలో కాపురమున్న ఆ ఇంట్లో ఏ వస్తువు కొన్నా అత్తగారి పేరనే కొనాలి. ఈ చట్టం ఎవరు చేశారో ఎవరికీ గుర్తు లేదు గానీ, సాక్ష్యాలు మాత్రం ఇంటినిండా ఉన్నాయి. ఆవిడ పేర కొన్న ఫ్రిజ్జు పందొమ్మిదేళ్ళుగా గుర్రుమంటూనే పాలు విరగకుండా కాపాడుతోంది. ఆవిడ పేర కొన్న ఇస్త్రీపెట్టె రెండుసార్లు చేజారి కిందపడి, రెండుసార్లూ నేలకే సొట్ట పెట్టింది. కొడుకు ఒకే ఒక్కసారి సరదాపడి తన పేర వాచీ కొనుక్కున్నాడు. అది మూడోనాటికి ఆగిపోయింది. అప్పటినుంచి ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అందుకని రెండేళ్ళ కిందట సముద్రం అవతల ఆడపడుచు ఉండే ఇంకో దేశానికి చుట్టపుచూపుగా వెళ్ళినప్పుడు, కోడలు తన పని కోసం తన సంపాదనతో కొనుక్కున్న లాప్‌టాప్ కూడా అత్తగారి పేరనే బిల్లయింది. ఆథరైజ్డ్ డీలరు దుకాణంలో 'కొనుగోలుదారు పేరు' అని అడగ్గానే ఆడపడుచు చకచకా వాళ్ళమ్మ పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు చెప్పేసింది. దుకాణంవాడు అత్తగారికి కరచాలనం చేసి, ఇలాంటి శక్తిమంతమైన యంత్రం ఎంచుకున్నందుకు అభినందనలు తెలిపాడు. ఆవిడ కంప్యూటరు మీట ఒక్కటీ నొక్కి ఎరగదు. అయినా నిండుగా నవ్వి, అభినందనలు అందుకుంది.

కోడలూ నవ్వి ఊరుకుంది. మూడేళ్ళ వారంటీ, ఏ దేశంలో ఉన్నా అక్కడి ఆథరైజ్డ్ డీలరు దగ్గర సర్వీసు. ఇంతకంటే ఏం కావాలి? పేరుదేముంది అనుకుంది. అనుకుంది గానీ, మనసులో ఒక మూల చిన్న ముల్లు గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

ఆ ముల్లు సంగతి చెప్పాలంటే ఆవిడ పని గురించి చెప్పాలి. కోడలు పశువైద్యం చదివేవాళ్ళ పాఠ్యపుస్తకాలకి బొమ్మలు గీస్తుంది. ఆవు కడుపులో నాలుగు గదులు, గుర్రం గిట్ట అడ్డకోత, కోడి రెక్కలో ఎముకలు, ఇలాంటివి. ఒక్కో బొమ్మకి రెండు మూడు రోజులు పడుతుంది. ఒక్క నరం పక్కకి జరిగితే రేపు ఏ డాక్టరో సూది అక్కడే గుచ్చుతాడు. ఇంత బాధ్యత ఉన్న పని గురించి ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: 'బొమ్మలేసుకుంటోంది.' ఎవరైనా ఫోన్ చేసి అడిగితే అత్తగారు, "మా కోడలా? లోపల బొమ్మలేసుకుంటోంది," అనేది. ఏడేళ్ళ పిల్ల గురించి చెప్పినట్టుండేది ఆ మాట. విన్న ప్రతిసారీ కోడలికి ఒళ్ళు మండేది. పైకి ఏమీ అనలేదు. అనకపోవడం తన మంచితనమని అనుకునేది, నిజానికి అది ఒట్టి మొహమాటం.

పోనీ అత్తగారు అటువైపు రాకుండా ఉంటుందా అంటే అదీ లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి కిటికీ పక్క కుర్చీలో చేరి, చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ తెర వైపు చూస్తూ కూచునేది. మామగారు ఉన్న రోజుల్లో సొంతూళ్ళో ఇద్దరూ కలిసి పదకొండు ఆవులతో పాల వ్యాపారం చేశారు. అందుకని, "ఆ మోకాలు అలా మడవదమ్మాయ్," అని ఒక మాట. "ఆ దూడకి ఏదో దిగులున్నట్టుందే," అని ఇంకో మాట. బాగుందన్న మాట మాత్రం పొరపాటున కూడా ఆవిడ నోట్లోంచి రాలేదు.

అలాంటి లాప్‌టాప్ ఒక మంగళవారం పొద్దున పదింటికి కీచుమని, వేడెక్కి, తెర నల్లబడి, ఇక లేవలేదు.

అందులో నలభై ఒక్క బొమ్మలున్నాయి. అవి ఇంకెక్కడా లేవు. నెలకోసారి బయట ఒక డ్రైవులోకి కాపీ చేసి పెట్టుకునే అలవాటు కోడలికి ఉండేది. నాలుగు నెలల కిందట మొగుడు, "రెండు రోజులు ఇవ్వు, మళ్ళీ ఇచ్చేస్తాను," అని ఆ డ్రైవు పట్టుకుపోయి నిండా సినిమాలు నింపుకున్నాడు. ఆ రెండు రోజులు ఇంకా అవలేదు. పుస్తకంవాళ్ళకి మొదటి సగం పంపేసింది, రెండో సగం ఈ నెల ఇరవై మూడుకల్లా అందాలి. అందకపోతే వాళ్ళు వేరేవాళ్ళని చూసుకుంటామని ముందే చెప్పారు. నాలుగు నెలల రెక్కల కష్టం ఒక నల్లటి పలక కింద పడి ఉంది.

అత్తగారు వచ్చి చూసింది. ఆవిడ ముఖం చూడాలి ఆ క్షణాన!

"పాడవలేదు, అలిసిపోయింది," అంది. "నా పేర కొన్నది పాడవడమేంటి? ఓ పూట పడుకోనివ్వు, అదే లేస్తుంది."

లేవలేదు. కోడలు దాన్ని సంచీలో పెట్టుకుని వీధి చివర రిపేరు కొట్టుకి పరుగెత్తింది. అక్కడాయన దాన్ని బోర్లా తిప్పి, స్క్రూల మీద అంటించిన చిన్న సీలు చూసి, కాలిన గిన్నె ముట్టుకున్నట్టు చేతులు వెనక్కి లాగేసుకున్నాడు. "ఈ సీలు నేను చింపితే మీ వారంటీ నా చేతుల్లోనే చస్తుంది. ఆథరైజ్డ్ డీలరు దగ్గరికే వెళ్ళండి. ఏ దేశంలో కొన్నా వాళ్ళు చూస్తారు," అన్నాడు.

ఆ డీలరు ఆఫీసు ఊరికి ఆ చివర, అద్దాల మేడలో మూడో అంతస్తు. నేల అద్దంలా ఉంది. కౌంటర్లో మెడకి తాడుతో కళ్ళజోడు వేలాడేసుకున్న పెద్దమనిషి ఒకాయన కూచున్నాడు. యంత్రం నంబరు కొట్టి, తెర చూసి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"మీరు ఈవిడేనా?"

"కాదండీ, ఈవిడ మా అత్తగారు. వాడేది నేనే."

"వాడేవాళ్ళతో మాకు పని లేదమ్మా. రికార్డులో ఎవరుంటే వాళ్ళే యజమాని. లోపలున్న సమాచారం కూడా వాళ్ళదే. వాళ్ళు పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి."

"ఆవిడకి దీని గురించి ఒక్క ముక్క తెలియదండీ! డబ్బు నేనిచ్చాను, బొమ్మలు నేను గీశాను, పాడైందని ఏడుస్తున్నదీ నేనే."

"అర్థమైంది," అన్నాడాయన, నిజంగానే అర్థమైనట్టు. "మీ ఏడుపు మీదే గానీ యంత్రం ఆవిడది. రేపు పదింటికి తీసుకురండి."

ఇంటికొచ్చి కబురు చెబితే అత్తగారు తెగ ఉత్సాహపడిపోయింది. మర్నాడు తెల్లారేసరికి తల దువ్వుకుని, చేతిసంచీలో పాస్‌పోర్టు, బిల్లు, వారంటీ కార్డు సర్దుకుని గుమ్మంలో నిలబడింది. అట్టపెట్టె కూడా, లోపలి థర్మాకోలుతో సహా, చంకలో పెట్టుకుంది. రెండేళ్ళుగా అటక మీద దాచింది ఆవిడే.

బస్సులో కోడలు మెల్లగా అసలు సంగతి కదిపింది. "అత్తయ్యా, వాళ్ళు ఏమన్నా సరే, నాకు లోపలున్నవి కావాలి. మెషినుది ఏముంది, ఏదైనా ఒకటే."

"వస్తాయిలేవే. వాళ్ళు కొత్తది ఇస్తారు, ఇందులోవి అందులోకి అవే వెళ్తాయి."

"అవే వెళ్ళవు అత్తయ్యా."

"ఇల్లు మారితే సామాను రాదూ?" అంది అత్తగారు. తర్వాత కిటికీ వైపు తిరిగి, కొంచెం గొంతు తగ్గించి, "కొత్తది ఇచ్చారనుకో, ఎవరికీ చెప్పొద్దు. అది పాడైందని మన ఇద్దరికీ తప్ప ఇంకెవరికి తెలుసు?" అంది.

కోడలికి నీరసం వచ్చింది. ఇక అక్కడ తనే మాట్లాడుకోవచ్చులే, ఆవిడ సంతకం పెడితే చాలు అనుకుని కళ్ళు మూసుకుంది.

యంత్రాన్ని పరీక్షకి లోపలికి ఇచ్చి, డీలరు ఆఫీసు హాల్లో కుర్చీల్లో కూచున్నారు. మైకులో ఎవరి పేరో పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు. ఈసారి పేరుని ముక్కలు ముక్కలుగా విరిచి, జాగ్రత్తగా పిలిచారు. అయినా ఎవరూ కదల్లేదు.

"ఎవరో పాపం," అంది అత్తగారు జాలిగా, "నిద్రపోతున్నట్టున్నారు."

మూడోసారి పిలిచాక కోడలికి చటుక్కున వెలిగింది. "అత్తయ్యా, మీరే!"

"నేనా?" అని ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. చిన్నప్పుడు బుజ్జమ్మ, పెళ్ళయ్యాక పెద్ద కోడలు, ఆ తర్వాత అమ్మ, అత్తయ్య, బామ్మ. బడి రిజిస్టరులో రాసిన ఆ పొడుగాటి పేరు పెట్టి ఆవిణ్ణి పిలిచినవాళ్ళు లేక యాభై ఏళ్ళయింది. ఆవిడ లేచి, కొంగొత్త మనిషిలా వీపు నిటారుగా పెట్టుకుని కౌంటరు దగ్గరికి నడిచింది.

కోడలు వెంట వెళ్ళబోతే కళ్ళజోడాయన చెయ్యి అడ్డం పెట్టాడు. నేల మీద పసుపుపచ్చ గీత ఒకటుంది. యజమాని కానివాళ్ళు దానికి ఇవతలే ఉండాలట.

"ఆవిడకి మీ భాష రాదండీ. నేను చెప్తాను."

"ఇంట్లోవాళ్ళు చెప్పకూడదు. ఒకరి మాట ఇంకొకరు మార్చేశారని తర్వాత గొడవలు వస్తాయి. కంపెనీకి అనువాదకులు ఉన్నారు," అని ఆయన ఫోను స్పీకర్లో పెట్టాడు. రెండు నిమిషాలు సంగీతం వచ్చింది. ఆ తర్వాత ఏ దేశంలో కూచుందో తెలియదు గానీ, ఒక ఆడమనిషి గొంతు తెలుగులో ఖంగుమంది.

"మాన్యురాలా, నమస్కారము. నేను అనువాదకురాలను. ఉభయులును పలికిన ప్రతి వాక్యమును యథాతథముగా అనువదించుట నా విధి."

అత్తగారు మురిసిపోయింది. "ఎంత మర్యాదగా మాట్లాడుతున్నావమ్మా! పొద్దున్నే ఏమన్నా తిన్నావా?"

అనువాదకురాలు ఆ మాటని యథాతథంగా కౌంటరాయనకి అనువదించింది. ఆయన కంగారుపడి ఏదో అన్నాడు. "తాను ప్రాతఃకాలముననే భుజించితినని వారు సెలవిచ్చుచున్నారు," అంది గొంతు.

"ఆయన్ని కాదు, నిన్ను అడిగాను," అంది అత్తగారు. అదీ అనువాదమైంది. గీత ఇవతల కోడలు తల పట్టుకుంది.

మొదటి ప్రశ్న పుట్టినతేదీ. ఇంత తేలిక ప్రశ్నకి ఇబ్బంది ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు.

"ఏది కావాలి?" అంది అత్తగారు. "బళ్ళో మాస్టారు వేసిందా, నిజందా?"

అదీ యథాతథంగా అనువాదమైంది. కౌంటరాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక మనిషి రెండుసార్లు ఎలా పుడుతుందో ఆయనకి అంతుపట్టలేదు. చివరికి పాస్‌పోర్టులో ఉన్నదే పుట్టుక అని తీర్మానం జరిగి, పని ముందుకు కదిలింది.

అప్పుడు ఆయన అసలు విషయానికి వచ్చాడు. లోపలి మనిషి యంత్రాన్ని పరీక్షించింది. ప్రధాన బోర్డు కాలిపోయింది. తప్పు కంపెనీదే, యజమానిది కాదు. వారంటీ ఉంది కాబట్టి ఇప్పుడే, ఇక్కడే కొత్త యంత్రం ఇచ్చేస్తారు. పాతది వాళ్ళే ఉంచుకుని ముక్కలు చేసేస్తారు, అది కంపెనీ నియమం. ఆ మాటతో పాటే ఆయన బల్ల కింది నుంచి కొత్త పెట్టె తీసి అత్తగారి ముందు పెట్టాడు. మీద ప్లాస్టిక్ కాగితం తళతళమంటోంది.

అత్తగారి కళ్ళు మెరిశాయి. ఆవిడ వేలు వెళ్ళి ప్లాస్టిక్ మీద ఆనింది.

"అత్తయ్యా!" అంది కోడలు.

కౌంటరాయన వేలెత్తి గీత చూపించాడు. కోడలు నోరు మూసుకుంది. అత్తగారు ఇప్పుడు తల ఊపితే అయిపోయినట్టే. నాలుగు నెలలు, నలభై ఒక్క బొమ్మలు, ఇరవై మూడో తారీఖు, అన్నీ ఆ తలకాయ కిందికీ పైకీ కదలడంలో ఉన్నాయి. రెండేళ్ళ కిందట 'పేరుదేముంది' అనుకున్న తన నోటిని తనే తిట్టుకుంది.

"ఒక విషయము గమనింపవలెను," అంది ఫోను. "నూతన యంత్రము రిక్తముగా నుండును."

"రిక్తం అంటే?"

"అనగా... ఖాళీగా, అమ్మా."

అత్తగారి వేలు ప్లాస్టిక్ మీద ఆగిపోయింది. "ఖాళీగానా? మరి మా ఆవులు?"

ఎంతో సంకోచంగా అదీ అనువాదమైంది. కౌంటరాయన తన తెర మీది ఫారం కిందికీ పైకీ జరిపి చూశాడు. ఆవుల గురించి అందులో ఎక్కడా లేదు.

"ఏ ఆవులు అని వారు పృచ్ఛించుచున్నారు."

"ఏ ఆవులేంటమ్మా? నలభై ఒక్క బొమ్మలున్నాయి అందులో. ఆవు కడుపువి తొమ్మిది. నాలుగు గదులకీ నాలుగు, గదికీ గదికీ మధ్య దారులు నాలుగు, అన్నీ కలిపింది ఒకటి. గుర్రం గిట్టలు ఆరు. కోడివి ఎనిమిది, అందులో రెక్క బొమ్మ ఒకటి వారం పట్టింది, ఆ వారం మా ఇంట్లో ఎవరం గట్టిగా తుమ్మలేదు. మేక పొదుగు అయిదు. కుందేలు చెవి మూడు. పంది వెన్నెముక నాలుగు. గొర్రె పళ్ళు ఆరు వేసింది, కింది దవడ ఇంకా సగంలో ఉంది. రాసుకో, రాసుకో."

ఫోనులో మనిషి 'గొర్రె కింది దవడ' దగ్గర మర్యాద మరిచిపోయి, "ఒక్క నిమిషం ఆగండమ్మా, మరీ వేగంగా చెప్తున్నారు," అంది మామూలు తెలుగులో. కౌంటరాయన 'లోపలి సమాచారం' అన్న గడిలో ఒక్కొక్క జంతువునే ఎక్కించాడు. గడి చాలక ఇంకో పేజీ తెరిచాడు.

ఇవతల కోడలు వేళ్ళ మీద కూడుకుంటోంది. తొమ్మిది, ఆరు, ఎనిమిది, అయిదు, మూడు, నాలుగు, ఆరు. నలభై ఒకటి. సరిగ్గా నలభై ఒకటి! తనని పట్టుకుని అడిగినా ఇలా గుక్క తిప్పుకోకుండా చెప్పలేదు. చిక్కుళ్ళు ఒలుస్తూ కూచున్న మనిషి ఇవన్నీ ఎప్పుడు లెక్కపెట్టింది?

"ఇదంతా వృత్తిసంబంధమైనదా, వినోదార్థమా అని అడుగుచున్నారు," అంది ఫోను, మళ్ళీ సర్దుకుని.

"వినోదమా!" అత్తగారి గొంతు లేచింది. హాల్లో అందరూ ఇటు తిరిగారు. "గుర్రం గిట్ట ఒక్కటే మూడుసార్లు చెరిపి గీసిందమ్మా. మొదటిదే బాగుంది, నేను పైకి అనలేదు. బాగుందంటే అక్కడితో ఆపేస్తుందని అనలేదు. మూడోది చూశాక మా ఆయన ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఆయన గిట్ట చూసి ఆవు నడక చెప్పేవాడు. వృత్తే. రాసుకోమను."

కళ్ళజోడాయన రాసుకున్నాడు. రాసుకుని, ఇంకో దారి ఉందన్నాడు. కొత్త యంత్రం వద్దని సంతకం పెడితే పాతదాన్ని కంపెనీ పెద్ద వర్క్‌షాపుకి పంపుతారు. అక్కడ లోపలున్న సమాచారం బయటికి తీయడానికి ప్రయత్నిస్తారు. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. పదిరోజులైనా పడుతుంది. దాంతో వారంటీ మొత్తం పోతుంది. అంటే కొత్త యంత్రమూ ఉండదు, పాతది బతుకుతుందన్న పూచీ కూడా ఉండదు.

"ఎంతవరకు దొరుకుతాయంట?"

"సగమునకు సగము అవకాశమట."

అత్తగారు తళతళలాడే పెట్టె వంక ఒకసారి చూసింది. ఆవిడ ఆ పెట్టెని రెండు చేతులతో పట్టుకుని, వడ్డించేవాళ్ళకి ఇక చాలు అన్నట్టు, కౌంటరాయన వైపు మెల్లగా నెట్టేసింది.

"ఇది మీ దగ్గరే ఉంచండి. మాకు ఆవులు కావాలి. నా పేర కొన్నది పాడైందని నలుగురికీ తెలిస్తే తెలియనీ, నేనే చెప్పుకుంటాను."

ఇక్కడ కథ ఆపి ఫలితమేంటో చెప్పేసుకుందాం, ఉత్కంఠ పెట్టి ఎవరి ప్రాణమూ తీయనక్కర్లేదు. పదకొండో రోజున వర్క్‌షాపు నుంచి నలభై ఒకటిలో ముప్ఫై ఎనిమిది బొమ్మలు క్షేమంగా తిరిగొచ్చాయి. పోయిన మూడూ కుందేలు చెవులు. కోడలు వాటిని అరువు తెచ్చుకున్న కంప్యూటరు మీద నాలుగు రోజుల్లో మళ్ళీ గీసి, గొర్రె దవడ కూడా పూర్తి చేసి, ఇరవై మూడో తారీఖు మధ్యాహ్నానికి అన్నీ పంపేసింది. మొగుడు డ్రైవులోని సినిమాలన్నీ తుడిచి, తలొంచుకుని తిరిగిచ్చాడు. పాత లాప్‌టాప్ మాత్రం మళ్ళీ కళ్ళు తెరవలేదు. అత్తగారు ఫోన్ చేసినవాళ్ళందరికీ ఆ సంగతి తనే చెప్పింది, ఎవరో గొప్పవాళ్ళు పోయినంత గంభీరంగా. కూతురికయితే రెండుసార్లు చెప్పింది.

కానీ ఆ రోజు, ఆ కౌంటరు దగ్గర ఇవేవీ ఎవరికీ తెలియదు. సగానికి సగం అవకాశం అంతే. అయినా కోడలికి భయం ఎటు పోయిందో తెలియలేదు.

ఫారంలో ఆఖరి గడి మిగిలింది. దొరికిన సమాచారాన్ని ఎవరికి అప్పగించాలి? యజమాని తనకే కావాలంటే తన పేరు, లేదా హక్కు ఉన్న ఇంకెవరి పేరైనా చెప్పొచ్చు.

అత్తగారు కోడలి పేరు చెప్పింది.

ఆవిడ కోడల్ని పేరు పెట్టి పిలవడం ఎవరూ వినలేదు. పదిహేనేళ్ళుగా 'అమ్మాయ్' అనే. అదీగాక ఆవిడ చెప్పింది పాస్‌పోర్టులోని పేరు కాదు, పెళ్ళయ్యాక ఈ ఇంటిపేరు తగిలించిన పేరూ కాదు. పుట్టింటి ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆ పేరు ఈ దేశంలో ఒక్కచోటే ఉంది. ప్రతి బొమ్మకీ కింద కుడిపక్క మూలలో, గిట్ట నీడలోనో ఈక కిందనో కలిసిపోయేలా, ఆవగింజంత అక్షరాలతో కోడలు పెట్టుకునే సంతకంలో. పుస్తకంవాళ్ళు కూడా దాన్ని గమనించలేదు. ఆ అక్షరాలు చదవాలంటే కళ్ళద్దాలు పెట్టుకుని, లేచొచ్చి, తెరకి ముక్కు ఆనించి చూడాలి. తను కాఫీ కోసం వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ అదే చేసిందన్నమాట.

"ఇంటిపేరు జాగ్రత్తగా రాయమనమ్మా," అంటోంది అత్తగారు ఫోనుతో. "తప్పు పడితే మా అమ్మాయి ఊరుకోదు. ఒక్క గీత అటూ ఇటూ అయినా ఒప్పుకునే మనిషి కాదు. పక్కన చిత్రకారిణి అని కూడా రాయమను. నేను పదకొండు ఆవుల్ని సాకినదాన్ని, నాకు తెలుసు. ఆ బొమ్మల్లో ఆవులు ఊపిరి తీస్తాయి."

పసుపుపచ్చ గీత ఇవతల కోడలికి ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఒళ్ళు మండిందే, ఆ మంటంతా ఇప్పుడు సిగ్గుగా, సంతోషంగా, రెండూ కలిసి కళ్ళల్లోంచి వచ్చేస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా వెక్కిళ్ళు హాలంతా వినిపించాయి. కౌంటరాయన రాయడం ఆపి, కాగితపు రుమాళ్ళ పెట్టె గీత మీదుగా అందించాడు.

ఫోనులో గొంతు ఒకసారి సవరించుకుంది.

"మాన్యురాలా, సమీపమున ఎవరో రోదించుచున్నట్లు వినవచ్చుచున్నది. అనువదింపవలెనా?"

అత్తగారు వెనక్కి తిరిగి కోడల్ని తేరిపార చూసింది. మళ్ళీ ఫోను వైపు తిరిగింది.

"వద్దమ్మా," అంది. "అది నాకు అర్థమైంది. సంతకం ఎక్కడ పెట్టాలో అడుగు."